ఎదురు గీయని గడ్డం

యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా నా గడ్డం ఎటు పెరుగుతుందో నాకు తెలియదు. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. గడ్డం కిందికే కదా పెరిగేది, పైకి పెరుగుతుందా అంటారు. నేనూ అలాగే అనుకుని వయసొచ్చిన దగ్గర్నుంచీ గీసుకున్నాను. బుగ్గల మీదా మెడ మీదా పైనుంచి కిందికి లాగడమే. మా నాన్న అలాగే లాగేవాడు, ఆయన్ని చూసి అన్నయ్య, అన్నయ్యను చూసి నేను. మెడకు ఎడమ పక్కన మాత్రం ఏ రోజు గీసినా మంట, ఎర్రటి పొక్కులు. బందరు ఉప్పుగాలికి ఆ మంట సాయంత్రం దాకా చల్లారేది కాదు. కాలేజీలో జువాలజీ పాఠం చెబుతూ కాలరు లోపలికి వేలు పోనిచ్చి గోక్కుంటుంటే వెనక బెంచీల్లో నవ్వులు వినపడేవి. కప్ప తన చర్మంతో ఎలా ఊపిరి తీస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషిని, నా చర్మం సంగతి నాకే తెలియదు.

ఆ ఏడు చలికాలంలో పొక్కుల్లోంచి చీము రావడం మొదలైంది. కోనేరు సెంటర్ దగ్గర చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, మందు రాయకుండా పెన్ను మూసేశాడు.

"గడ్డం గియ్యడం కొన్నాళ్ళు ఆపండి మాస్టారూ. బాగా పెరగనివ్వండి. ఏ వెంట్రుక ఎటు వాలి ఉందో వేలితో తడిమి చూసుకోండి. తర్వాత వాలు ఎటుంటే అటే గియ్యండి. ఎదురు మాత్రం గియ్యకండి."

మందు రాయని డాక్టరు మీద నాకు ఎప్పుడూ గురి కుదరదు. అయినా చెప్పిన మాట విన్నాను. విన్నందుకు వీధిలో బతుకు నవ్వులపాలయింది. అయ్యప్ప మాలలు వేసుకునే రోజులవి. టీ కొట్టు దగ్గర నిలబడితే "స్వామీ, చక్కెర తగ్గించమంటారా" అన్నాడు కొట్టతను. చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన పక్కకు తీసుకెళ్ళి, "ఏమండీ, ఏదన్నా మొక్కుకున్నారా" అని అనుమానంగా అడిగాడు. క్రిస్మస్ నెలలో క్రైస్తవుడు గడ్డం పెంచితే ఎన్ని అర్థాలు వస్తాయో అప్పుడు తెలిసింది. వీళ్ళందరినీ నవ్వి తప్పించుకున్నాను గానీ, పాలు పోసే ఆవిడ ఒకరోజు గిన్నె అందుకుంటూ, "ఎవరన్నా పోయారా అండీ ఇంట్లో" అంది. ఎవరూ పోలేదని కసురుకున్నాను. ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు.

తడిమి చూసుకోవడం అనుకున్నంత తేలిక కాదు. అద్దంలో చూస్తే ఏమీ తెలియలేదు. సగం నలుపు, సగం తెలుపు, అన్నీ కలిసి బూడిదరంగు. కళ్ళు మూసుకుంటేనే తెలిసింది. వేలిని చెవి దగ్గర్నుంచి కిందికి పోనిస్తే నున్నగా జారింది. కింది నుంచి పైకి తెస్తే, కోసిన వరిచేలో ఉత్తకాళ్ళతో నడిస్తే కొయ్యకాళ్ళు గుచ్చుకున్నట్టు గుచ్చుకుంది. బుగ్గలు రెండూ అంతే, మెడ కుడిపక్కా అంతే. ఎడమ పక్కకు వచ్చేసరికి తిరగబడింది. అక్కడ వెంట్రుకలు మెడ కింది నుంచి చెవి వైపు పైకి ఎక్కుతున్నాయి. దవడ మూల కింద ఒకచోట సుడి తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్ళూ రోజూ అక్కడ నేను ఎదురు గీస్తున్నానన్నమాట. దూది ఉండ ఒకటి తీసుకుని మళ్ళీ చూశాను. దూది కూడా అక్కడే చిక్కుకుంది.

కళ్ళు మూసుకుని మొహం తడుముకోవడం మంచి అలవాటు కాదని ఇప్పుడు అనుకుంటాను. కాసేపయ్యేసరికి వేలికీ మొహానికీ సంబంధం తెగిపోతుంది. తడిమే చెయ్యి నాదే, కానీ దాని కింద ఉన్న మొహం ఎవరిదో. ఒక పొద్దున గొంతు మీద వేళ్ళు ఉండగా ఆ మొహం గుటక మింగింది. మింగింది నేనే. అయినా చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, కానీ ఆ పూట కాసేపు కళ్ళు మూసుకోవడానికి భయపడ్డాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు, పెరట్లో పంపు దగ్గర అద్దం తగిలించుకుని నిలబడి ఉంటే మా ఆవిడ తలుపు దాటి వచ్చి అక్కడే ఆగిపోయింది. పొగమంచు ఇంకా విడలేదు.

"బావగారు ఎప్పుడొచ్చారా అనుకున్నానండీ," అంది.

"అన్నయ్యకు గడ్డం ఎక్కడుందే?"

"లేదు. అయినా ఆయనే నిలబడ్డట్టు ఉంది." ఆవిడ మొహంలో నవ్వు లేదు. కాఫీ అక్కడ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. రైల్వేలో చేసి ముందుగానే రిటైరై గుడివాడలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఒక్కతే కూతురు, పుణేలో ఉద్యోగం. మా ఇద్దరిలో నవ్వించేవాడు ఆయన, నవ్వలేక మొహం మాడ్చుకునేవాణ్ణి నేను. క్రిస్మస్‌కు ముందు ఆదివారం, వదిన వండిన గులాబీ పువ్వుల డబ్బా పట్టుకుని పాసింజరు రైల్లో బందరు వచ్చాడు. గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంట్రా ఈ వేషం? మతం మార్చావా?"

డాక్టరు చెప్పింది చెప్పాను. వాలు, ఎదురు, సుడి, అన్నీ చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు.

"గడ్డానికి దిక్కులేంట్రా. వాస్తు కూడా చూపించావా?"

కానీ ఆయన కాలరు మీద నుంచి నాకు కనపడుతూనే ఉంది. అవే పొక్కులు, అదే ఎరుపు. ఆయనకు కుడిపక్కన ఉంది. నీ మొహం కూడా చూస్తాను కూర్చోమన్నాను. ఆయన రెండు రోజులుగా గీసుకోలేదు, చూడ్డానికి వీలుగానే ఉంది. కాసేపు వేళాకోళం చేసి, సరే కానివ్వమని తల ఎత్తి కళ్ళు మూసుకున్నాడు.

పెద్దయ్యాక మా ఇద్దరిలో ఒకరి మొహం ఒకరు ముట్టుకున్నది ఎప్పుడూ లేదు. మగవాళ్ళం భుజం తడతాం, చెయ్యి కలుపుతాం, అంతే. నా వేళ్ళు ఆయన దవడ మీద ఆనాయి. ఆ మొహం నా చేతికి ముందే తెలుసు. ఎక్కడ నున్నగా ఉంటుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో వేలు ముందుగానే అటు వెళుతోంది. సుడి కూడా ఉంది. కాకపోతే నాకు ఎడమ పక్కన ఉన్నదంతా ఆయనకు కుడిపక్కన ఉంది. అంటే అద్దంలో నాకు కనపడే మొహం ఎలా ఉంటుందో, ఎదురుగా కూర్చున్న అన్నయ్య మొహం అచ్చం అలా ఉంది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే అద్దంలో నేను గీస్తున్నది ఎవరి మొహమా అనిపించింది.

ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన కదల్లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఛాతీ కూడా కదలడం లేదు. నా చెయ్యి ఆయన గొంతు మీద అలాగే ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు కళ్ళు తెరిచి పకపకా నవ్వాడు.

"భయపడ్డావా లేదా నిజం చెప్పు."

తిట్టాను. మా ఆవిడ కూడా లోపలినుంచి వచ్చి, ఇవేం ఆటలు బావగారూ అని మందలించింది. భోజనాలయ్యాక వెళ్ళేముందు మాత్రం ఆయన కాస్త ఆలోచనగా మెడ తడుముకున్నాడు. "సరేరా, నేనూ పెంచుతాను. కొత్త సంవత్సరం ఆరాధనకి నువ్వు చెప్పినట్టే వాలుకి గీసి, నున్నగా వస్తా చూడు," అన్నాడు. మెడ మంట ఆయన్నీ చాలాకాలంగా విసిగిస్తున్నట్టుంది, ఎప్పుడూ చెప్పలేదంతే.

క్రిస్మస్‌కు నేను నా గడ్డం గీసుకున్నాను. మొదటిసారి వాలుకు గీశాను. ఎడమ మెడ మీద కింది నుంచి పైకి. మంట లేదు, పొక్కు లేదు. చిన్నపిల్లాడిలా అందరికీ మెడ చూపించాను. అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే, "నాది ఇంకా పండలేదు, కోతకి టైముంది," అన్నాడు. గడ్డంతో ఆయన అచ్చం మా నాన్నలా ఉన్నాడని వదిన వెనకనుంచి అంటుంటే వినపడింది.

ఏడాది ఆఖరి రోజుల్లో ఒక పొద్దున, నేను నురగ కడుక్కుంటూ ఉండగా వదిన ఫోన్ చేసింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నన్ను చిన్నబ్బాయ్ అని పిలిచింది, నా తల నెరిశాక కూడా అదే పిలుపు.

"చిన్నబ్బాయ్, మీ అన్నయ్య లేవట్లేదు," అంది. గొంతులో ఏడుపు లేదు. లేపడానికి నన్ను రమ్మన్నట్టే ఉంది.

నేను గుడివాడ చేరేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ముందుగదిలో దివాను మీద పడుకోబెట్టి ఉంచారు. మొహం నిండా బూడిదరంగు గడ్డం. మొన్నటిదాకా అద్దంలో నేను చూసుకున్న మొహం అది. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. ఏడవాలని ఉంది, కానీ ముందు భయమేసింది.

మాలో పోయినవాళ్ళకు స్నానం చేయించి, గడ్డం తీసి, పెళ్ళినాటి కోటో కొత్తబట్టలో వేసి పెట్టెలో పెడతారు. నలుగురూ కడసారి చూసే మొహం శుభ్రంగా ఉండాలంటారు. పండగ రోజులు కావడంతో కటింగ్ షాపులో పని వదిలి రావడానికి ఎవరూ లేరన్నారు. ఇంకో షాపుకు కబురు చేద్దామా అని బంధువులు మాట్లాడుకుంటున్నారు. గోడకు ఆనుకుని కూర్చున్న వదిన తల తిప్పి నన్ను చూసింది.

"నువ్వు పెంచమన్నావని పెంచారు. నువ్వే తియ్యి."

నిష్ఠూరం కాదు అది. మామూలుగానే అంది. నేను వేడినీళ్ళు తెమ్మన్నాను.

బతికున్న మొహం బ్లేడుకు సాయం చేస్తుంది. బుగ్గ పొంగుతుంది, పై పెదవి లోపలికి పోతుంది, మెడ దానంతట అదే సాగుతుంది. ఇదంతా జరుగుతున్నట్టు కూడా మనకు తెలియదు. అన్నయ్య మొహం ఏ సాయమూ చేయలేదు. చర్మాన్ని ఒక చేత్తో లాగి పట్టుకుంటే లాగినచోటే ఉండిపోయింది. వేడినీళ్ళ గుడ్డ తీసేసరికి మొహం మళ్ళీ చల్లగా అయిపోతోంది. నేను వాలు వెతుక్కోనక్కర్లేదు. అద్దంలో రోజూ చేసే పనే. ఆయన పై పెదవి మీద బ్లేడు పెట్టినప్పుడు నా పై పెదవి లోపలికి పోయింది. ఆయన బుగ్గ గీస్తుంటే నా బుగ్గ పొంగింది. తల ఎత్తి చూస్తే గదిలో ఆడవాళ్ళందరూ ఆయన్ని కాదు, నన్ను చూస్తున్నారు. కుడి మెడ దగ్గర కింది నుంచి పైకి, చెవి వైపు, మెల్లగా లాగాను. ఆయన ఒక్కసారీ గీసుకోని దిక్కు అది. ఎంత తేలిగ్గా తెగుతోందో ఆయనకు తెలియలేదే అని అప్పుడు ఏడుపొచ్చింది.

వాలుకు ఒక్కసారి గీసి ఆపేశాను. ఎదురు గీస్తే ఇంకా నున్నగా వచ్చేది. చెయ్యి రాలేదు. వదిన వచ్చి అరచేత్తో రెండు బుగ్గలూ పైనుంచి కిందికి నిమిరి, బాగుందంది.

మా అమ్మానాన్నల సమాధులు దివిసీమలో, అవనిగడ్డ దాటాక మా ఊళ్ళో ఉన్నాయి. వాళ్ళ పక్కనే పెట్టాలన్నది అన్నయ్య మాట. పుణే నుంచి అమ్మాయి రావాలి కాబట్టి ఫ్రీజర్ బాక్సులో పెట్టి, సాయంత్రానికి పామర్రు, చల్లపల్లి మీదుగా ఊరికి తీసుకెళ్ళాం. మా పెదనాన్న కొడుకు ఇంటి ముందు షామియానా వేశారు. అమ్మాయి తెల్లవారేసరికి వచ్చింది. కోతలైపోయిన చేలల్లో మినుము మొక్కలు పైకొస్తున్నాయి, వాటి మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే షామియానా గుంజలు కూడా పక్కనుంచి కనపడలేదు. మంచులో కదిలే ఆకారాలు దగ్గరికొచ్చాకే మనుషులవుతున్నాయి.

పొద్దెక్కాక పాస్టరుగారు వచ్చారు. ఒక కీర్తన పాడారు. ఫ్రీజర్ బాక్సు తెరిచి ఆయన్ని పెట్టెలోకి మార్చారు. కోటు, టై, తెల్లటి చేతిగ్లౌజులు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొహం చూసి ముందున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. బుగ్గల మీదా గడ్డం మీదా నీలంగా మొలక కనపడుతోంది. నిన్న మధ్యాహ్నం గీసుకుని ఇప్పుడే నిద్ర లేచినవాడిలా ఉన్నాడు.

వదిన పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెంప మీద చెయ్యి వేసింది. ఈసారి చెయ్యి కింది నుంచి పైకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"పెరిగింది," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది.

"నిన్న చిన్నబ్బాయి తీశాడు. నేను చూశాను, మీరందరూ చూశారు. రాత్రికి రాత్రి పెరిగింది. చచ్చిపోయినోళ్ళకి గడ్డం పెరుగుద్దా?"

నాకు జవాబు తెలుసు. ఫ్రీజర్ బాక్సులోని చల్లటి పొడిగాలికి చర్మంలో తడి ఆరిపోయి, చర్మం ముడుచుకుంటుంది. లోపల ఉన్న మొలకలు బయటికి కనపడతాయి. పెరగడం ఏమీ ఉండదు. పిల్లలు అడిగితే క్లాసులో నేనే చెప్పిన సంగతి అది. చెప్పాల్సిన నేను చెప్పకుండా వంగి ఆయన చెంప మీద వేలు పెట్టాను. గరుగ్గా తగిలింది. ఏమైందో తెలియదు, ఇంకా వంగి ఆయన ఛాతీ మీద చెవి పెట్టాను. దబ్, దబ్ అని వినపడింది. అది నా చెవిలో నా రక్తమే కొట్టుకుంటోందని తెలుసుకోవడానికి చాలాసేపు పట్టింది.

నేను చేసిన పని ఇంకో ముప్పు తెచ్చింది. తమ్ముడు చెవి పెట్టి విన్నాడంట, ఏదో వినపడిందంట అని వెనక వరసల్లోకి పాకింది. మంచులోంచి ఊళ్ళోవాళ్ళు రావడం మొదలుపెట్టారు. కొందరు ఫోన్లు పైకెత్తారు. చూపుడువేలు కదిలిందని ఎవరో అన్నారు, నేనూ చూశానని ఇంకెవరో అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా వదిన వాళ్ళ అక్క లేచింది. ఆవిడ వేరే ప్రార్థన మందిరానికి వెళ్తుంది, ఉపవాసాలుంటుంది, ఆవిడ ప్రార్థిస్తే జ్వరాలు తగ్గుతాయని పేరుంది.

"బైబిల్లో లాజరు చచ్చిన నాలుగు రోజులకి సమాధిలోంచి లేచాడు. ఈయన ఒక్క రోజే గదా. నమ్మితే దేవుని మహిమ చూస్తాం. మూత పెట్టకండి," అంది.

ఆర్ఎంపీ డాక్టరును పిలిపించారు. ఆయన స్టెత్ పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ అక్క ఆయన వైపు చూడనైనా చూడలేదు. పాస్టరుగారు మంచివాడు, మొహమాటస్తుడు. లాజరు కథ అబద్ధమని అనలేడు, అవునని మూత ఆపలేడు. నేను గొంతు పెంచి చర్మం, తడి, ముడుచుకోవడం అని చెప్పాను. జువాలజీ వినడానికి అక్కడ ఎవరూ రాలేదు. వదిన మాత్రం ఎవరి మాటా వినకుండా పెట్టె అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అమ్మాయి వాళ్ళమ్మ భుజం వదలడం లేదు.

సంఘ పెద్దలిద్దరు నన్ను పక్కకు పిలిచారు. బయట ఎక్కువసేపు ఉంచితే బాగుండదు, ఆడవాళ్ళు ఆవిణ్ణి కాస్త పట్టుకుంటే మేకులు కొట్టించేస్తాం అన్నారు. వాళ్ళ తప్పు లేదు. కానీ నాకు ఒకటే కనపడింది. చేతులు పట్టుకుని మూత వేస్తే ఆ పూటకు పని అయిపోతుంది. బతికున్న మొగుణ్ణి తన కళ్ళముందే పూడ్చారన్న మాట మాత్రం వదిన చచ్చేదాకా ఆవిడ లోపల ఉండిపోతుంది. రోజూ రాత్రి ఆ మట్టి కింద నుంచి ఆవిడకు చప్పుడు వినపడుతుంది. వద్దన్నాను. వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

"వదినా, నేను నిన్న ఒక్కవైపే గీశాను. వాలుకి మాత్రమే. నువ్వు పైనుంచి కిందికి నిమిరావు గాబట్టి నున్నగా అనిపించింది. కింద మొదళ్ళు అలాగే ఉన్నాయి. రాత్రి చర్మం ముడుచుకుని అవే కనపడుతున్నాయి."

ఆవిడ మొదటిసారి నా వైపు తిరిగింది.

"ఎదురు గియ్యలేదా?"

"లేదు."

"ఎందుకని?"

"ఎదురు గీస్తే తెగుద్దని."

"తెగితే?"

ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది. పొద్దున్నుంచీ నా మొహం చూడకుండా తప్పించుకుంటున్న మనిషి, కళ్ళు తిప్పకుండా చూసింది.

"రక్తం వస్తుందని భయపడ్డావా చిన్నబ్బాయ్, రాదని భయపడ్డావా?"

రాదనే. అది నాకే అప్పుడు తెలిసింది. తల వంచుకున్నాను.

"రేజరుందా?" అంది.

నా సంచిలో ఉంది. నేను తేవడానికి లేచాను. వద్దమ్మా అని పాస్టరుగారు ఏదో అనబోయి ఆగిపోయారు. ఆ అక్క ప్రార్థన గొంతు పెంచింది. నేను రేజరు తెచ్చి నీళ్ళలో ముంచి చెయ్యి ముందుకు చాపాను. నేనే గీస్తానన్నాను. ఆవిడ నా చేతిలోంచి తీసుకుంది.

నురగ పెట్టలేదు. ఎడమచేత్తో ఆయన గడ్డం పట్టి తల కాస్త అవతలికి తిప్పింది. ఫోన్లు కిందికి దిగాయి. కుడి చెవి కింద బ్లేడు ఆనించి, అమ్మాయి వైపు చూసి మామూలు గొంతుతో చెప్పింది.

"మీ నాన్న రోజూ పైనుంచి కిందికే లాగేవారు. పెళ్ళయిన మర్నాటి నుంచి చూస్తున్నాను. ఏ రోజు లాగినా ఇక్కడే తెగేది. ఇక్కడే, ఈ సుడి దగ్గర. తెగని రోజు లేదు."

లాగింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎండిన కొబ్బరిమట్ట మీద గోరుతో గీసినట్టు. సుడి దగ్గర బ్లేడు ఆగింది. ఆవిడ ఆగలేదు, ఇంకా లాగింది. చర్మం తెగింది. సన్నటి గీత తెరుచుకుంది.

రేజరు పక్కన పెట్టి, నడుము దగ్గర దోపుకున్న చేతిరుమాలు తీసి ఆ గీత మీద పెట్టి గట్టిగా ఒత్తింది. రోజూ ఒత్తే చెయ్యి కాబట్టి ఎంతసేపు ఒత్తాలో ఆవిడకు తెలుసు. ఆ అక్క ప్రార్థన ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. షామియానా అంచు నుంచి మంచునీళ్ళు కారుతున్న చప్పుడు వినపడుతోంది.

వదిన రుమాలు తీసి చూసింది. తెల్లగా ఉంది. తిప్పి రెండో పక్క కూడా చూసింది. వాళ్ళ అక్క చేతికిచ్చి "చూడక్కా" అంది. ఆవిడ చూసి తిరిగి ఇచ్చేసింది. అమ్మాయికి చూపించింది. తర్వాత నాకు చూపించింది. ఆ రుమాలు నాలుగు మడతలు పెట్టి ఆయన కోటు జేబులో దోపి, కాలరు పైకి లాగి ఆ గీత కనపడకుండా కప్పింది.

"ఇంక మూత పెట్టండి," అంది.